గ్యాస్ అన్నారు సరే, చెయ్యి ఎక్కడ పెట్టి అన్నారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నాకు 44 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. రెండేళ్ళుగా గ్యాస్ ట్రబుల్‌తో బాధపడుతున్నాను. మధ్యాహ్నం తిన్న అరగంటకే పొట్ట ఉబ్బిపోతుంది, క్లాసులో నిలబడలేను. రాత్రి పడుకోగానే గుండెల్లో మంట, గొంతులోకి పుల్లటి త్రేన్పులు. మా ఆడపడుచు చెప్పిందని పొద్దున్నే పరగడుపున వాము నీళ్ళు తాగుతున్నాను. వాట్సాప్‌లో చూసి పడుకునే ముందు పుదీనా కాచి నిమ్మకాయ పిండుకుని తాగుతున్నాను. ఉబ్బరం కాస్త తగ్గింది గానీ మంట రెట్టింపైంది. ఇంగ్లీషు మాత్రలు వాడితే కిడ్నీలు పాడవుతాయని భయం. ఇంకో మాట. మా నాన్నగారికి 71. బీపీకి మాత్రలు వేసుకుంటారు. మలబద్ధకానికి బజార్లో కొన్న చూర్ణం మూడేళ్ళుగా రోజూ రాత్రి వాడుతున్నారు. అరచెంచాతో మొదలుపెట్టి ఇప్పుడు రెండు చెంచాలు వేసుకుంటున్నారు. గొంతు బాగుంటుందని అతిమధురం పొడి పాలల్లో కలుపుకుంటారు. "ఆకులూ అలములేగా, ఏం చేస్తాయి" అంటారు. మా ఇద్దరికీ ఇంట్లో చేసుకునే మందులు చెప్పగలరా?

సమాధానం: టీచరమ్మ గారూ, మీరు చివర్లో "ఇంకో మాట" అని తేల్చేసిన మీ నాన్నగారి సంగతి ముందు తీసుకుంటున్నాను. మీ మంట ఓ పదిహేను రోజులు ఆగినా ఆగుతుంది. ఆయనది ఆగే విషయం కాదు.

ఆ చూర్ణం డబ్బా తిప్పి, వెనకాల ఏం రాసుందో చదవండి. సునాముఖి అనో, స్వర్ణపత్రి అనో, సెన్నా అనో కనిపిస్తుంది. బజార్లో దొరికే మలబద్ధకం చూర్ణాల్లో చాలావాటికి పని చేసి పెట్టేది ఆ ఒక్క ఆకే. మిగతా పేర్లన్నీ పెళ్ళికొచ్చిన చుట్టాలు. తమిళనాడులో తిరునల్వేలి వైపు పొలాల్లో పండి దేశదేశాలకు వెళ్ళే ఆకు అది. రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి పేగుని గిల్లి కదిలిస్తుంది. ప్రయాణాల్లో రెండు మూడు రోజులు కట్టేసినప్పుడు వాడుకోవడానికి మంచి మందు, నేనూ రాస్తాను. మూడేళ్ళు రోజూ వాడడానికి కాదు. అరచెంచా కాస్తా రెండు చెంచాలైందని మీరే రాశారు. వదిలేస్తే రేపటికి రెండున్నర అవుతుంది.

చెంచాలు పెరిగిన కొద్దీ విరేచనం పలచబడుతుంది. ఆ నీళ్ళతోపాటు ఒంట్లోని పొటాషియం పోతుంది. అతిమధురం చేసేదీ ఇంచుమించు అదే పని. ఆ వేరుకి తీపినిచ్చే గ్లైసిరైజిన్ అనే పదార్థం ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచి, పొటాషియాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. అందువల్ల బీపీ పెరుగుతుంది. ఇక మీ నాన్నగారు వేసుకునే బీపీ మాత్రలో నీరు పోయే మందు కలిసి ఉంటే (చాలా మాత్రల్లో కలిసే ఉంటుంది) అదీ పొటాషియాన్నే పంపిస్తుంది. ఒకే బిందెకి మూడు చిల్లులన్నమాట. పిక్కలు పట్టేయడం, మెట్లెక్కితే తొడల్లో సత్తువ లేకపోవడం, గుండె దడగా కొట్టుకోవడం లాంటివి ఆయనకున్నాయేమో అడగండి. పెద్దవాళ్ళు అవన్నీ వయసు మీదికి నెట్టేసి చెప్పరు.

కాబట్టి అతిమధురం ఇవాళే మానిపించండి. బీపీ మాత్ర మాత్రం ఆపకండి. ఈ వారంలోనే రక్తంలో ఎలక్ట్రోలైట్స్ (పొటాషియం, సోడియం లాంటి లవణాల) పరీక్ష చేయించండి, మామూలు ల్యాబుల్లో చేస్తారు. ఆ రిపోర్టు, చూర్ణం డబ్బా, అతిమధురం పొట్లం మూడూ పట్టుకుని ఆయనకి బీపీ చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నాటు మందుల గురించి డాక్టరుకి చెబితే తిడతారేమోనని సంచిలో దాచుకునే అలవాటు మన దగ్గర ఉంది. తిడితే తిట్టనివ్వండి.

ఆకులూ అలములేగా అంటారు చూశారూ, గన్నేరు కూడా ఆకే, ఉమ్మెత్త కూడా ఆకే అని నేనన్నానని చెప్పండి. పని చేసే ఆకు ఏదైనా చెడూ చేయగలదు. చెడు చేసే సత్తువ బొత్తిగా లేని ఆకు, మంచి చేసే సత్తువ లేనిదే అయి ఉంటుంది.

చూర్ణం ఒక్కసారిగా ఆపితే నాలుగు రోజులు ఏమీ కాక, ఆయన మళ్ళీ డబ్బా దగ్గరికే వెళతారు. వారానికి అరచెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి. ఎలక్ట్రోలైట్స్ తేడాగా వస్తే మాత్రం డాక్టరు చెప్పినట్టు వెంటనే ఆపాల్సిందే. పక్కనే ఇసబ్‌గోల్ మొదలుపెట్టండి. ఇది పేగుని గిల్లదు. ఓ గింజ మీది పొట్టు, అంతే. నీళ్ళు పీల్చుకుని జిగురుగా ఉబ్బి, మలాన్ని మెత్తగా ఉంచుతుంది. రాత్రి భోజనమయ్యాక ఒక చెంచా పెద్ద గ్లాసుడు నీళ్ళలో కలిపి, అది చిక్కబడక ముందే తాగేయాలి. పైన ఇంకో అరగ్లాసు నీళ్ళు తాగాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. నీళ్ళు తక్కువైతే అదే గొంతులోనో పేగులోనో ముద్దకట్టి అడ్డం పడుతుంది. మింగడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. మాత్రలు దీనికి రెండు గంటలు ఎడంగా వేసుకోవాలి, లేకపోతే వాటినీ తనలో కలిపేసుకుంటుంది. మొదటి మూడు రోజులు ఏమీ తెలియదు, పైగా కాస్త ఉబ్బరంగా ఉంటుంది. వారం దాటాక అడగండి.

త్రిఫల కావాలంటే అదీ మంచిదే. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడూ గింజ తీసి ఎండబెట్టి సమంగా కొట్టిన పొడి. రాత్రి అరచెంచా గోరువెచ్చటి నీళ్ళతో వేసుకుంటే చాలు. వగరు, చేదు, పులుపు అన్నీ కలిసి నాలుక ముడుచుకుపోతుంది. అందుకే దాన్ని ఎవరూ ఎక్కువ వాడలేరు, అదే దాని రక్షణ అని మా గురువుగారు నవ్వేవారు. కొనేటప్పుడు మాత్రం పైన త్రిఫల అని ఉండి లోపల సునాముఖి కలిపినవి కూడా వస్తున్నాయి, చూసుకోండి. ఆకుకూర, జామపండు, పొద్దున లేవగానే రెండు గ్లాసుల నీళ్ళు, సాయంత్రం నడక ఇవన్నీ మీకు తెలియనివి కావు. తెలియని సంగతి ఒకటి చెబుతాను. కాల్షియం, ఐరన్ మాత్రలు, కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా మలబద్ధకం తెస్తాయి. డాక్టరుని అదీ అడగండి. ఈ మూడేళ్ళలో బరువు తగ్గినా, మలంలో నెత్తురు కనిపించినా, తారులా నల్లగా వెళ్ళినా ఇసబ్‌గోల్ సంగతి పక్కనపెట్టి ముందు పేగు పరీక్ష చేయించాలి. ఐరన్ మాత్రలకీ మలం నల్లబడుతుంది, ఆ తేడా డాక్టరు చూసుకుంటారు.

ఇక మీ సంగతి.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది కుర్చీలో కూర్చుంటూనే "గ్యాసండీ" అంటారు. నేను నాలుక చూడను, నాడి చూడను. "చేత్తో చూపించండి ఎక్కడో" అంటాను. కొందరు అరచేత్తో బొడ్డు చుట్టూ గుండ్రంగా రుద్దుతారు, అది ఉబ్బరం. కొందరు పిడికిలి రొమ్ము గుంట దగ్గర పెట్టి గొంతు దాకా పైకి లాగుతారు, అది పులుపు పైకి తన్నడం. ఒక వేలు తీసి రొమ్ముకీ బొడ్డుకీ మధ్య ఒక్కచోట పొడిచి చూపిస్తే పుండేమో అనుకుంటాను. కుడి డొక్క పట్టుకుని వీపు వైపు చూపిస్తే పిత్తాశయంలో రాళ్ళేమోనని స్కానింగ్‌కి పంపిస్తాను. ఇన్ని జబ్బులకీ మన ఊళ్ళల్లో పేరొక్కటే, గ్యాస్. పేరు ఒకటే కదా అని మందూ ఒకటే వాడతారు. మీకు జరిగింది అదే. మీకున్నవి రెండు, ఉబ్బరం ఒకటి, మంట ఒకటి. మీరు వాడిన రెండు మందులూ ఉబ్బరానివి. అవి ఉబ్బరాన్ని తగ్గించాయి, మంటని పెంచాయి. మీ ఆడపడుచు అబద్ధం చెప్పలేదు. ఆవిడ తన పొట్టకి పనికొచ్చిన మందు చెప్పింది.

వాము నలిపితే గుప్పున వచ్చే ఘాటు థైమాల్ అనే పదార్థానిది. మన పచారీ కొట్లలో వాము పువ్వు అని తెల్లటి పలుకులు అమ్ముతారు, అది అదే. పేగుల్లో పట్టేసిన కండరాన్ని సడలించి గాలిని కదిలిస్తుంది. వాన చినుకులు పడుతుంటే బజ్జీలు చేసి, పిండిలో వాము నలిపి వేయనివాళ్ళు తెలుగుదేశంలో ఉన్నారా? శనగపిండికి విరుగుడు అదని మన అమ్మమ్మలకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కానీ వాళ్ళు దాన్ని తిండిలో వేశారు, తిండి తర్వాత చిటికెడు నమిలారు. ఖాళీ కడుపులో రాత్రంతా నానిన ఘాటు నీళ్ళు గ్లాసుడు పోస్తే, అప్పటికే ఒరుసుకుపోయిన అన్నవాహిక మంటెత్తక ఏం చేస్తుంది?

పుదీనా కథ ఇంకా తమాషాగా ఉంటుంది. పుదీనా జాతి నూనెలు కూడా పేగు బిగువు సడలిస్తాయి. పేగు మెలిపెట్టే ఐబీఎస్ జబ్బుకి పిప్పర్‌మింట్ నూనె క్యాప్సూల్స్ ఇంగ్లీషు డాక్టర్లే రాస్తారు. అయితే అన్నవాహిక పొట్టలోకి దిగే చోట ఓ బిగువైన కండరం ఉంటుంది, తలుపులాగా. కిందికి పోయింది పైకి రాకుండా కాపలా కాసేది అదే. సడలించే మందుకి ఏ కండరం సడలించాలో, ఏది వదిలేయాలో తెలియదు కదా. పైన తలుపు కూడా వదులవుతుంది. మన పెరటి పుదీనాకి పిప్పర్‌మింట్ అంత ఘాటుండదు, పచ్చడి చేసుకుని తింటే ఎవరికీ ఏమీ కాదు. పడుకునే ముందు చిక్కగా కాచి, పైన నిమ్మరసం కూడా పిండుకుని, తాగిన వెంటనే ఒరిగితే మాత్రం తలుపు తీసి పులుపుని పైకి రమ్మన్నట్టే.

అందుకని వాము నీళ్ళు, పుదీనా నిమ్మరసం రెండూ ఇవాళ్టితో బందు.

ఉబ్బరానికి మందు చెప్పే ముందు, అది ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మీరు రాయలేదు గానీ, టీచర్ల మధ్యాహ్నం భోజనం నాకు తెలుసు. ఇరవై నిమిషాల బెల్లు, అందులో పది నిమిషాలు పిల్లల గొడవ. నమలకుండా మింగితే ముద్దతోపాటు గాలీ మింగుతాం. క్యారేజీలో ఉండేది పప్పో, శనగలో, చిక్కుడుకాయో. వీటిలో ఉండే ఒక రకం పిండి చక్కెరల్ని మన పొట్ట అరిగించలేదు. అవి పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి సూక్ష్మజీవులకి విందవుతాయి. ఆ విందులో పుట్టేదే అసలైన గ్యాస్. శనగలు, రాజ్మా రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ఉడికిస్తే సగం బాధ సింకులోకి పోతుంది. నానబెట్టిన నీళ్ళలోనే బలముందని వాటితోనే ఉడికించేవాళ్ళని నేను చూశాను. బలం ఎంతుందో గానీ గ్యాస్ మాత్రం అందులోనే ఉంది. ఇంకొకటి, ఇంటర్వెల్‌లో పాల టీ. నలభై దాటాక పాలు పడని వాళ్ళు మనలో చాలామంది. పెరుగు, మజ్జిగ పడతాయి, పాలే పడవు. వారం రోజులు పాలూ పాల టీ మానేసి చూడండి, జవాబు మీకే తెలుస్తుంది. లెక్కల టీచరుకి నేను చెప్పాలా, ఉబ్బరానివీ మంటవీ అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది దేనివల్లో తేలదు.

ఇప్పుడు మందులు. నా మొదటి ఓటు మజ్జిగకి. ఊరికే మజ్జిగ కాదు. జీలకర్రని నూనె లేకుండా మూకుట్లో సన్నటి సెగ మీద వేయించండి. రంగు తేనె రంగు దాటి, గింజ చిటపటమని వాసన వంటింటి గడప దాటగానే దింపేయాలి. ఇంకో నిమిషం ఉంచితే చేదు. ఆరాక చేత్తో నలిపితే పొడైపోవాలి. ఒక వంతు తియ్యటి పెరుగుకి మూడు వంతులు నీళ్ళు పోసి చిలికి, అందులో ఈ పొడి అరచెంచా, దంచిన అల్లం ఉసిరిగింజంత, తుంచిన కరివేపాకు రెండు రెబ్బలు, ఉప్పు చిటికెడు. ఇంగువ కందిగింజలో సగం తీసుకుని చెంచాడు వేడి నెయ్యిలో పొంగించి పోయండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక గ్లాసుడు తాగండి. పుల్లటి పెరుగు వద్దు, పచ్చిమిర్చి వద్దు, మీ మంటకి ఆ రెండూ పడవు.

ఇంగువ గురించి ఒక్క మాట. ఇది మన నేల పంట కాదు. అఫ్గానిస్తాన్, ఇరాన్ కొండల్లో ఓ మొక్క వేరుకి గాటు పెడితే కారే పాలు. మనం తినడమే గానీ పండించడం మొదలుపెట్టింది 2020లో, హిమాచల్ ప్రదేశ్ లాహౌల్ లోయలో నాటారు. కొట్లో దొరికే డబ్బా ఇంగువలో అసలు ఇంగువ కొంచెం, గోధుమ పిండో మైదానో, తుమ్మ జిగురో ఎక్కువ. గోధుమ పడనివాళ్ళు ఇంగువ వేసుకుని "అయినా ఉబ్బరం తగ్గలేదండీ" అంటే తప్పు ఇంగువది కాదు.

రెండో ఓటు శొంఠి మొదటి ముద్దకి. కొత్త శొంఠి కొమ్ములు కొని, కాస్త నేతిలో వేయించి, చితక్కొట్టి పొడి చేసి జల్లించుకోండి. వేడన్నంలో పావుచెంచా పొడి, ఉప్పు, చెంచాడు నెయ్యి కలిపి ఆ ముద్ద ముందు తిని, తర్వాత కూరలోకి వెళ్ళండి. బాలింతలకి పెట్టే ముద్దే ఇది, మిగతావాళ్ళం ఎందుకు మానేశామో తెలియదు. అల్లం వికారాన్ని తగ్గిస్తుందని, కడుపులో అన్నాన్ని కొంచెం తొందరగా కిందికి పంపుతుందని ఇప్పటి పరీక్షల్లోనూ తేలింది. తిన్నది తిన్నచోటే గంటలు గంటలు కూర్చుంటే ఉబ్బరమూ, మంటా రెండూ వస్తాయి కాబట్టి మీకిది రెండు విధాలా పని చేయొచ్చు. పావుచెంచా అన్నాను, గుర్తుంచుకోండి. ఎక్కువైతే శొంఠే మంటెత్తిస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు కూరలో వేసుకునే అల్లం తినొచ్చు, మందుగా రోజూ చెంచాలు చెంచాలు మాత్రం డాక్టరుని అడక్కుండా వాడొద్దు.

సోంపు భోజనం తర్వాత నమలండి, నష్టం లేదు. ధనియాల నీళ్ళు, జీలకర్ర నీళ్ళు తాగాలనిపిస్తే తిన్న గంటకి తాగండి. గొప్పలు చెప్పను, చల్లగా హాయిగా ఉంటాయి, అంతవరకే.

మంటకి మాత్రం పోపులడబ్బాలో గట్టి మందు లేదు. ఆయుర్వేదం చదివి ఈ మాట రాయడానికి నాకేం సిగ్గు లేదు. మంటకి మందు గడియారంలో ఉంది. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. పేపర్లు దిద్ది పదింటికి తిని పదిన్నరకి పడుకుంటే ఏ మూలికా పని చేయదు. స్కూలు నుంచి వచ్చాక ఏడున్నరకల్లా తినేసి, తర్వాత కూర్చుని దిద్దుకోండి. మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు ఎత్తు చేయండి. రెండు దిళ్ళు వేసుకుంటే చాలదు. నడుం దగ్గర మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుపోతుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి, అటు పడుకుంటే పులుపు పైకి తక్కువగా వస్తుంది. రాత్రి ఆవకాయ, టమాటా, వేపుళ్ళు తగ్గించండి. ఇంకొకటి నవ్వకండి, లంగా బొందు. చీర జారకూడదని పొద్దున్న బిగించిన ముడి, మధ్యాహ్నం తిన్నాక కూడా అలాగే ఉంటుంది. ఉబ్బిన పొట్టని చుట్టూ తాడేసి కడితే లోపలిది ఎటు పోతుంది? పైకే. ఎలాస్టిక్ లంగాకి మారి పది రోజుల్లో సగం మంట తగ్గిందని చెప్పిన వాళ్ళున్నారు నా దగ్గర.

చల్లటి పాలు తాగితే మంట ఆరుతుందంటారు. ఆ అరగంటే, తర్వాత పొట్ట ఇంకాస్త ఆమ్లం ఊరిస్తుంది. తినే సోడా నీళ్ళలో కలిపి తాగొద్దు. బుస్సుమని పొంగి త్రేన్పు వచ్చి సుఖంగా ఉంటుంది గానీ, అందులో ఉన్నది సోడియం. ముఖ్యంగా మీ నాన్నగారికి అలవాటు చేయకండి.

త్రేన్పు అన్నాను కాబట్టి ఒకటి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. నేను ఆయుర్వేద కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళాను. రాత్రి పది దాటాక మా పెదనాన్న రొమ్ము మీద చెయ్యేసుకుని "అరిసెలు ఎక్కువైనట్టున్నాయే అమ్మాయ్, బిగేసినట్టుంది" అన్నాడు. ఒళ్ళంతా చెమటలు. డాక్టరు చదువుతున్నదాన్ని నేనేగా, గబగబా వాము, ఉప్పు కలిపి దంచి పెట్టాను. వేణ్ణీళ్ళు తాగించాను. పెద్ద త్రేన్పు వచ్చింది. "అదిగో గ్యాసే" అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. ఆయన కూడా నవ్వి పడుకున్నాడు. తెల్లవారుజామున పెద్దమ్మ లేపితే లేవలేదు. గుండెపోటుకీ త్రేన్పు వస్తుందని, త్రేన్పు వచ్చినంత మాత్రాన అది గ్యాస్ కాదని నాకు ఆ తర్వాత ఎప్పుడో పాఠంలో చెప్పారు. ఆ రోలు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

నలభై దాటిన ఎవరికైనా, షుగర్, బీపీ ఉన్నవాళ్ళకి మరీను, ఛాతీలో బిగువు, చెమట, దవడలోకో ఎడమ చేతిలోకో లాగడం, ఉన్నట్టుండి ఆయాసం వస్తే పోపులడబ్బా తెరవకండి. 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీశాక అది గ్యాసే అని తేలితే ఇంటికొచ్చి నవ్వుకుందాం. ఆడవాళ్ళకి ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండా ఉత్త వికారం, నీరసం, ఆయాసంతోనే వస్తుంది. కాబట్టి మీకూ చెబుతున్నాను.

ఇంగ్లీషు మాత్రలంటే మీకున్న భయం దగ్గరికి వస్తాను. పొట్టలో ఆమ్లం తగ్గించే మాత్రలు డాక్టరు రాసినట్టు నాలుగు వారాలో, ఎనిమిది వారాలో వాడితే చాలామందికి ఏమీ కాదు. చిక్కంతా ఒకసారి రాసిన చీటీ పట్టుకుని మందుల షాపులో అయిదేళ్ళు కొనుక్కునే వాళ్ళతోనే. అలా వాడేవాళ్ళు కూడా ఒక్కరోజులో ఆపకూడదు, ఆపితే ఆమ్లం ఎదురుతన్ని మంట ఇంకా పెరుగుతుంది. మెల్లగా తగ్గించాలి. మీకు ఒకసారి హెలికోబ్యాక్టర్ పైలోరీ పరీక్ష కూడా అవసరం కావచ్చు. అల్సర్లు కారం వల్ల, దిగులు వల్ల వస్తాయని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో, చాలావరకు వాటికి కారణం ఈ సూక్ష్మజీవి అని ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్ తేల్చారు. 2005లో నోబెల్ కూడా వచ్చింది. ఆ పురుగు ఉంటే నేనిచ్చే ఏ కషాయమూ దాన్ని పూర్తిగా పంపలేదు. యాంటీబయాటిక్సే కావాలి. వాడండి.

మా మందు, వాళ్ళ మందు అనే గొడవ పెద్దవాళ్ళు ఎప్పుడూ పడలేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆయనకీ అదే వస్తే మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలూ చెప్పాడు. ఆ తర్వాత అమెరికా వెళ్ళి, తన బృందంతో ఫోలిక్ ఆమ్లం తయారుచేసి, ఆ స్ప్రూ జబ్బుకే మందు అందించాడు. నేను కాలేజీలో చేరినప్పుడు మా నాన్న చెప్పిన కథ ఇది.

మీరు రెండు వారాలు ఇలా చేయండి. మొదటి వారం పాలు బందు, మజ్జిగ, శొంఠి ముద్ద. రెండో వారం భోజనం వేళ మార్చడం, ఇటుకలు. ఓ నోటుబుక్కులో ఏ రోజు ఏం తిన్నారో, ఉబ్బరం ఎప్పుడు, మంట ఎప్పుడు అని రెండు గడులు గీసి రాయండి. తగ్గితే సరే. తగ్గకపోతే ఆ బుక్కుతోనే కడుపు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆయనకి సగం పని మీరు చేసి పెట్టినట్టే. అది కాక, రెండేళ్ళుగా ఉబ్బరం అంటున్నారు కాబట్టి తగ్గినా తగ్గకపోయినా ఒకసారి పొట్ట, అండాశయాల స్కానింగ్ చేయించుకోండి. మీ వయసులో ఆడవాళ్ళకి విడవకుండా ఉండే ఉబ్బరాన్ని పరీక్ష లేకుండా గ్యాస్ ఖాతాలో వేయడం నాకిష్టం లేదు. మింగుతుంటే అడ్డం పడినా, వాంతిలో నెత్తురు చార కనిపించినా రెండు వారాలూ ఆగొద్దు.

నాన్నగారి ఎలక్ట్రోలైట్స్ రిపోర్టు వచ్చాక మళ్ళీ రాయండి. చూర్ణం డబ్బా మీద అక్షరాలు మరీ చిన్నవిగా ఉంటాయి, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవండి. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నప్పుడు, ఆయనకి వినపడేలా చదవండి.